ఊపిరి ముందు, ఎముక వెనక: తొలి హాఫ్ మారథాన్ శిక్షణపై ఒక కేస్ స్టడీ

రన్నర్ వయసు 39. హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 162 సెం.మీ., బరువు 68 కిలోలు. ఏడాదిగా వారానికి నాలుగు రోజులు పార్కులో 45 నిమిషాల నడక ఉంది, పరుగు మాత్రం స్కూలు రోజుల తర్వాత లేదు. ఏప్రిల్ చివర్లో పరుగు శిక్షణ ఇచ్చే మా దగ్గరకు వచ్చారు. ఆగస్టు ఆఖరి ఆదివారం జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.0975 కిలోమీటర్లు, పూర్తి చేయాలన్నది కోరిక. చేతిలో ఉన్నది 18 వారాలు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ఆమె రేసు పూర్తి చేశారు. అయితే ఈ కేసులో అసలు చూడాల్సింది ఏడో వారం. ఆ వారంలో ఎడమ కాలికి షిన్ నొప్పి, అంటే మోకాలి కింద కాలి ముందరి ఎముక దగ్గర నొప్పి, పట్టుకుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లలో ఆరు నుంచి పదో వారం మధ్య ఇలాంటిదేదో ఒకటి చాలా తరచుగా వస్తుంది. దానికి కారణం ఉంది. క్రమం తప్పకుండా కదిలితే రక్తంలోని ద్రవభాగం, ప్లాస్మా, రెండు వారాల్లోనే పెరుగుతుంది, కండరాలు ఆక్సిజన్ వాడుకునే శక్తి ఆరు వారాలకు స్పష్టంగా మెరుగవుతుంది. ఎముకకు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు నెలలు కావాలి. ఆయాసం తగ్గగానే మనిషి వేగం పెంచుతాడు, అప్పటికి కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. అందుకే శిక్షణను ఊపిరిని బట్టి కాక, ఆలస్యంగా గట్టిపడే భాగాన్ని బట్టి వేయాలి.

మొదటి రోజు చూసినవి

బీపీ మామూలుగానే ఉంది. ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వంటివి లేవు. వీటిలో ఒక్కటున్నా డాక్టర్ చూసి సరే అనేదాకా మేం పరుగు మొదలుపెట్టించం. నెలసరి సక్రమంగానే వస్తోంది గానీ రక్తస్రావం ఎక్కువ. ఆ ఒక్క మాట మీద రక్త పరీక్షకు పంపాం. హిమోగ్లోబిన్ 11.2, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ 13 వచ్చాయి, రెండూ తక్కువే. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి ఇది ఉంది. అంటే పరుగు నేర్చుకోవడానికి వచ్చే ప్రతి మహిళ విషయంలోనూ ఈ పరీక్ష అడగాల్సిందే. మెట్లెక్కితే ఆయాసం వస్తే దాన్ని "స్టామినా లేదు" అని కొట్టిపారేయడం చాలా ఇళ్లలో అలవాటు.

డాక్టర్ ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు రాశారు. రోజూ వేసుకుంటే మర్నాటి మాత్రను పేగు సరిగా పీల్చుకోదు, రోజు వదిలి వేసుకుంటే పీల్చుకునే పాళ్లు పెరుగుతాయి. మాత్రకు ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ వద్దన్నాం. నిమ్మరసంతో వేసుకోమన్నాం. పొద్దున్నే టీ లేకపోతే గడవని ఇంట్లో ఇది అన్నిటికంటే కష్టమైన మార్పు అయింది. చివరికి మాత్రను రాత్రికి మార్చాక కుదిరింది.

తర్వాత కాళ్లు. ఒంటికాలిపై నిలబడి మడమ పైకెత్తి దించడం, అంటే కాఫ్ రెయిజ్, కుడికాలితో 14, ఎడమకాలితో 9 వచ్చాయి. ఈ వయసులో 20 దాటాలని మేం కోరుకుంటాం. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్ల బలం నేల నుంచి తిరిగొస్తుంది. పిక్క అలసిపోతే ఆ భారం ఎముక మీదకు జారుతుంది. ఎడమ పిక్క బలహీనతను ఆ రోజే రాసి పెట్టుకున్నాం, తర్వాత నొప్పి వచ్చిందీ ఆ కాలికే. బూట్లు మూడేళ్ల నాటి వాకింగ్ షూ, మడమ దగ్గర ఫోమ్ నొక్కితే లేవట్లేదు.

మొదటి ఆరు వారాలు

వారానికి నాలుగు రోజులు పెట్టాం: మూడు పరుగులు, ఒక రోజు బలం పెంచే వ్యాయామం. పరుగు రోజుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. మొదటి వారం ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, ఇలా పదిసార్లు. ఆరో వారానికి మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, ఇలా ఎనిమిదిసార్లు. ఆదివారం దూరాలు వరసగా 4, 5, 6, 5, 7, 8 కిలోమీటర్లు. నాలుగో వారంలో తగ్గించింది కావాలనే. పెంచే వారాల మధ్య ఒక తేలిక వారం లేకపోతే ఎముకకు కోలుకునే వ్యవధి దొరకదు.

వేగానికి కొలత మాట. పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగితే ఆ వేగం సరైనది. రెండు మూడు ముక్కలుగా విరిగితే ఎక్కువ. గుండె వేగంతో చూడాలంటే 208 లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేయాలి. ఆమెకు గరిష్ఠం సుమారు 181 వస్తుంది. తేలిక పరుగుకు పైహద్దు 140 పెట్టాం. ఇది సగటు లెక్క, మనిషికీ మనిషికీ పదీ పదిహేను తేడా ఉంటుంది. పైగా చేతి వాచీ అప్పుడప్పుడు గుండె బదులు అడుగుల లయను పట్టుకుని 155, 160 చూపిస్తుంది. మాట సాఫీగా వస్తుంటే, వాచీ ఎక్కువ చూపించినా మాటనే నమ్మమన్నాం.

మే నెల హైదరాబాద్ ఎండ గురించి వేరే చెప్పాలి. తెల్లవారుజామున ఐదింటికి కూడా నేల వేడి చల్లారదు. వేడిలో రక్తం చర్మం వైపు మళ్లుతుంది కాబట్టి అదే వేగానికి గుండె పది, పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. కిలోమీటరుకు 9 నిమిషాల 20 సెకన్లు పడుతోందని ఆమె నిరుత్సాహపడ్డారు. ఆ నెలలో వాచీలో వేగం కనిపించే స్క్రీనే తీసేయించి, నిమిషాల లెక్కన మాత్రమే పరిగెత్తించాం. రోజూ కాసేపు వేడిలో కదిలితే 10 నుంచి 14 రోజుల్లో శరీరం అలవాటు పడుతుంది: చెమట త్వరగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది, ప్లాస్మా పెరుగుతుంది. ఏడో వారంలో జరిగినదానికి విత్తనం ఇక్కడే పడింది.

ఏడో వారం

జూన్ మొదట్లో ఒక వాన పడి పొద్దుటి పూట చల్లబడింది. వేడికి అలవాటుపడిన శరీరం చల్లగాలిలో ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ ఆదివారం ప్లాన్‌లో ఉన్నది 9 కిలోమీటర్లు. ఆమె ఒక స్నేహితుల బృందంతో కలిసి కేబీఆర్ పార్కు చుట్టుపక్కల ఎగుడుదిగుడు రోడ్లలో 13 పరిగెత్తారు. నడక విరామాలు లేవు, వేగం కిలోమీటరుకు 7 నిమిషాల 40 సెకన్లు. వేసుకున్నవి నాలుగు రోజుల ముందు కొన్న బూట్లు. పాతవాటిలో మడమకూ ముందరి పాదానికీ ఎత్తు తేడా సుమారు 10 మిల్లీమీటర్లు, కొత్తవాటిలో 4. ఆ తేడా తగ్గితే పిక్క మీద, మడమ టెండన్ మీద పని పెరుగుతుంది.

పరిగెత్తుతున్నప్పుడు ఏ నొప్పీ లేదు. ఆయాసమూ లేదు. బుధవారం పరుగులో మొదటి పది నిమిషాలు ఎడమ షిన్ లోపలి అంచున సలిపి తగ్గింది. శుక్రవారం తగ్గలేదు. శనివారం మెట్లు దిగుతుంటే కూడా తెలిసింది.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే. ఇది ఎముక పైపొర, కండరం అతుకుల దగ్గర వచ్చే షిన్ స్ప్లింట్సా, ఎముకలోనే సన్నగా చీలిక వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చరా? మొదటిదైతే వేలితో నొక్కినప్పుడు నొప్పి ఐదు సెంటీమీటర్ల కంటే పొడుగ్గా, ఎముక లోపలి అంచు వెంట పరుచుకుని ఉంటుంది. రెండోదైతే ఒక్క వేలి మొనతో చూపించగలిగేంత చోటే నొప్పి ఉంటుంది, రాత్రి పడుకున్నా సలుపుతుంది, ఒంటికాలి మీద గెంతితే ఓర్చుకోలేరు. ఆమెకు నొప్పి సుమారు తొమ్మిది సెంటీమీటర్ల మేర ఉంది, రాత్రి నిద్ర బాగానే పడుతోంది, గెంతితే పదికి మూడు. షిన్ స్ప్లింట్స్ అని నిర్ధారించి ముందుకెళ్లాం. ఎక్స్‌రే తీయించలేదు. స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉన్నా మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. "ఎక్స్‌రే బాగుంది కాబట్టి పరిగెత్తొచ్చు" అనుకోవడం ఈ గాయంలో పెద్ద ప్రమాదం. అనుమానం ఉంటే ఎమ్మారైకి వెళ్లాలి. షిన్ ఎముక ముందు అంచున గానీ, తొడ ఎముక మెడ దగ్గర, అంటే గజ్జల్లో గానీ నొప్పి ఉంటే ఆ రోజే ఎముకల డాక్టర్‌కు చూపించాలి.

ఎముక ఎందుకు మొరాయిస్తుందో ఆమెకు బొమ్మ గీసి చెప్పాం. రోడ్డు బాగుచేసేవాళ్లు ముందు పాతది తవ్వేసినట్టే, శరీరం కూడా దెబ్బతిన్న ఎముకను ముందు కరిగిస్తుంది, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. కరిగించడం కొన్ని వారాల్లో అయిపోతుంది, కట్టి గట్టిపరచడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. శిక్షణ మొదలైన నెలా నెలన్నరకు ఎముక మొదటిరోజు కంటే కాస్త బలహీనంగా ఉండే దశ ఒకటి వస్తుంది. సరిగ్గా ఆ దశలోనే గుండె, ఊపిరితిత్తులు ఉత్సాహంగా ఉంటాయి.

వారం మొత్తం దూరాన్ని పది శాతానికి మించి పెంచకూడదన్న పాత సూత్రానికి గట్టి ఆధారం లేదు. గడిచిన నెలలో పరిగెత్తిన అత్యధిక దూరాన్ని ఒక్క రోజులో ఎంత దాటారన్నదే ఎక్కువ ముఖ్యమని ఇటీవలి పరిశోధన చెబుతోంది. ఆమె వారం మొత్తం లెక్క మరీ పెరగలేదు. ఒక్క ఆదివారం 8 నుంచి 13కి, అరవై శాతానికి పైగా దూకింది.

తిండి సంగతి ఆ తర్వాతే బయటపడింది. మూడు రోజులు తిన్నది రాయమంటే తేలింది: బరువు తగ్గొచ్చని పరుగయ్యాక పది గంటల దాకా ఏమీ తినట్లేదు, రాత్రి అన్నం మానేశారు. శక్తి చాలకపోతే శరీరం ముందు కోత పెట్టేది ఎముక కట్టే పనికి, నెలసరికి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీన్ని ప్రత్యేకంగా ఒక పేరుపెట్టి హెచ్చరిస్తోంది, పొడి అక్షరాల్లో రెడ్-ఎస్ అంటారు. 18 వారాల్లో బరువు తగ్గడం, హాఫ్ మారథాన్‌కు సిద్ధం కావడం రెండూ ఒకేసారి పెట్టుకోవద్దని గట్టిగా చెప్పాం. పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు. అయిన ముప్పావు గంటలోపు రెండు గుడ్లతో నాలుగు ఇడ్లీలు, లేదా రెండు పెసరట్లు, ఒక గ్లాసు పాలు. రాత్రి అన్నం, పప్పు, పెరుగు మళ్లీ వచ్చాయి. రోజుకు ప్రొటీన్ 80 గ్రాములు దాటాలన్నాం. రాగి జావ మీద ఆమెకు చాలా నమ్మకం. మంచిదే, కానీ గ్లాసు జావలో పడే 30 గ్రాముల పిండిలో కాల్షియం వంద మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. గ్లాసు పాలల్లో అంతకు రెండు రెట్ల పైనే ఉంటుంది.

తిరిగి కాలు మోపడం

పన్నెండు రోజులు పరుగు ఆపాం, కదలిక ఆపలేదు. స్థిర సైకిల్ 35 నిమిషాలు వారానికి మూడుసార్లు, అదే మాట కొలతతో. మడమ పైకెత్తే వ్యాయామం నొప్పి పదికి మూడు దాటనంత వరకు: మోకాలు నిటారుగా ఉంచి 12 సార్లు మూడు విడతలు, మోకాలు వంచి మరో మూడు విడతలు. మోకాలు వంచి చేసేది చాలామంది వదిలేస్తారు. కానీ పరుగులో ఎక్కువ భారం మోసే లోపలి పిక్క కండరం, సోలియస్, దానితోనే గట్టిపడుతుంది. రెండో వారం నుంచి వీపు సంచిలో ఐదు కిలోల బియ్యం పెట్టించి చేయించాం.

తిరిగి పరుగుకు మూడు షరతులు పెట్టాం. 30 నిమిషాలు చురుగ్గా నడిచినా నొప్పి ఉండకూడదు. ఎముక అంచు నొక్కితే పదికి ఒకటి మించకూడదు. ఒంటికాలిపై 20 గెంతులు హాయిగా పడాలి. మూడూ తీరాక ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో మళ్లీ మొదలు. పరిగెత్తేటప్పుడు నొప్పి మూడు లోపు ఉండి మర్నాడు పొద్దుటికి పోతే కొనసాగించొచ్చు. మర్నాడూ ఉంటే ఆ వారం ముందుకు జరగకూడదు.

పరుగు తీరులో ఒక్కటే మార్చాం. నిమిషానికి 154 అడుగులు వేస్తున్నారు, ఫోన్‌లో లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టి 163కు తెచ్చాం. అడుగు పొట్టిదైతే పాదం శరీరానికి దగ్గరగా పడుతుంది, షిన్ మీద, మోకాలి మీద దెబ్బ తగ్గుతుంది. అందరూ 180 వేయాలన్న మాట పట్టించుకోనక్కర్లేదు. తన లయ మీద ఐదు నుంచి పది శాతం పెంచితే చాలు. కొత్త బూట్లను వారానికి ఒక చిన్న పరుగుకే పరిమితం చేసి, పాత రకం ఎత్తున్న మరో జత కొనిపించాం. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పరుగు సాక్సుతో వేసుకుని చూడాలి. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

ఈ దశలోనే ఒక తేదీ రాసుకున్నాం. పదమూడో వారం చివరికి నొప్పి లేకుండా 10 కిలోమీటర్లు వెళ్లగలిగితే హాఫ్, లేకపోతే 10కెకి మారడం. గడువు ముందే పెట్టుకోకపోతే రేసు దగ్గరపడేకొద్దీ మనసు నొప్పిని తక్కువ చేసి చెబుతుంది. ఆమె 10 కిలోమీటర్లు హాయిగా దాటారు. పదకొండు నుంచి పదహారో వారం దాకా ఆదివారాలు 6, 8, 10, 12, 14, 16. ఇది వేగమైన పెరుగుదలే. అందుకే వారం వారం పెరిగిన రెండు కిలోమీటర్లలో సుమారు సగం నడకే పెట్టాం. 16 కిలోమీటర్ల రోజున పరిగెత్తింది 11, మిగతాది చురుకైన నడక. రేసు ముందు 21 చేయించలేదు. తొలి రేసుకు అది అవసరం లేదు, ఆమె షిన్‌కు అసలే వద్దు.

ఈ పోటీ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎక్కుడు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ఏదీ సమతలం కాదు. ఎక్కుడు భయపెడుతుంది గానీ తొడలను పిండేది దిగుడు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగుసుకోవాలి. ఈ పనికి అలవాటు లేనివాళ్లకు పదిహేనో కిలోమీటరు తర్వాత కాళ్లు బిగుసుకుపోతాయి. పన్నెండో వారం నుంచి వారానికి ఒకసారి ఫ్లైఓవర్ ఎక్కి, పొట్టి అడుగులతో దిగడం నాలుగు నుంచి ఆరుసార్లు చేయించాం.

నీళ్లు, ఉప్పు, చక్కెర

జూలైలో ఒక పరుగుకు ముందు 67.4 కిలోలు, 80 నిమిషాల తర్వాత చెమట తుడుచుకుని తూగితే 66.5. మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు. అంటే పోయిన చెమట 1.2 లీటర్లు, గంటకు 0.9. పోయినదంతా పూడ్చక్కర్లేదు, గంటకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు చాలన్నాం. రేసులో ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి గ్లాసులు తాగేవాళ్లను చూస్తే మాకు భయం. చెమట కంటే ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, తికమక, ఫిట్స్ దాకా పోవచ్చు. నెమ్మదిగా, మూడు గంటల పైన పరిగెత్తేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. పరుగయ్యాక బరువు పెరిగి ఉంటే అది హెచ్చరిక.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి పొట్లమే తీసుకోవాలి, లీటరు నీళ్లకు పెద్ద పొట్లం (సుమారు 21 గ్రాములది) ఒకటి. పేరులో ఆ మాట పెట్టుకుని అమ్మిన తియ్యటి పానీయాలు వేరు. డాక్టర్ శివరంజని సంతోష్ అనే హైదరాబాద్ పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటను అలాంటి పానీయాల మీద వాడకుండా ఆదేశాలిచ్చింది. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే, కాబట్టి అది ఉప్పు ఇస్తుంది, శక్తి ఇవ్వదు. శక్తికి గంటకు 30 గ్రాముల పైన పిండిపదార్థం కావాలి. రన్నర్లు వాడే ఎనర్జీ జెల్ ఆమెకు వికారం పుట్టించింది. నాలుగు చిన్న ఖర్జూరాలు గింజ తీసి, 40 నిమిషాలకోసారి బాగా నమిలి, నీళ్లతో. ఇది మూడు ఆదివారాలు పరీక్షించాకే రేసుకు ఖాయం చేశాం.

రేసు

పదిహేనో వారం మధ్యలో తీసిన 10 కిలోమీటర్ల సమయం 76 నిమిషాలు. ఒక దూరం సమయాన్ని బట్టి మరో దూరం సమయాన్ని అంచనా వేసే రీగెల్ సూత్రం ప్రకారం, అంటే దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి గుణిస్తే, హాఫ్‌కు 2 గంటల 48 నిమిషాలు వస్తుంది. ఈ సూత్రం బాగా సాధన ఉన్నవాళ్లకు సరిపోతుంది. తక్కువ దూరాలతో సిద్ధమైన వ్యక్తికి, ఎత్తుపల్లాలకు, ఆగస్టు ఉక్కకు కలిపి మరో పన్నెండు నిమిషాలు వేసి మూడు గంటలు లక్ష్యం పెట్టాం. ఆఖరి రెండు వారాలు దూరం తగ్గించాం: పదిహేడో వారం ఆదివారం 10, చివరి వారంలో 20 నిమిషాల పరుగులు రెండే. వేగం తగ్గించలేదు, బలం వ్యాయామాలు రేసుకు ఎనిమిది రోజుల ముందు ఆపాం.

పొద్దున మూడింటికి రెండు బ్రెడ్ ముక్కలు తేనెతో, అరటిపండు. చంకలకు, తొడలకు పెట్రోలియం జెల్లీ. నూలు సాక్సు వద్దు, తడిస్తే బొబ్బలు. నొప్పి మాత్ర ముందుజాగ్రత్తగా వేసుకోవద్దని రాసి ఇచ్చాం. ఐబుప్రొఫెన్ లాంటివి చెమట పోతున్న సమయంలో కిడ్నీల మీద భారం వేస్తాయి, సోడియం పడిపోయే ముప్పునూ పెంచుతాయి, ఎముక చెప్పే మాటను వినపడకుండా చేస్తాయి.

నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, మొదటి నిమిషాల నుంచే. అలసిపోయాక మొదలుపెట్టే నడక కాళ్లను కాపాడదు. మొదటి ఐదు కిలోమీటర్లు 43 నిమిషాల 40 సెకన్లు. జూబ్లీహిల్స్ ఎక్కుడులో గుండె 160 దాటగానే నడిచారు. కేబుల్ బ్రిడ్జి తర్వాత కుడి పిక్క పట్టేసింది. నిలబడి ముప్పై సెకన్లు సాగదీసి, తర్వాతి రెండు విరామాలు రెండేసి నిమిషాలు చేసుకున్నారు. మొత్తం 3 గంటల 3 నిమిషాలు. ఇంటికెళ్లాక తూగితే కిలోన్నర తగ్గారు, షిన్ మీద నొక్కితే నొప్పి సున్నా.

తర్వాత పది రోజులు పరుగు లేదు, నడక మాత్రమే. నాలుగో వారానికి కాఫ్ రెయిజ్ కుడి 23, ఎడమ 21. ఫెరిటిన్ 31కి వచ్చింది, మాత్రలు ఇంకో మూడు నెలలు కొనసాగించమని డాక్టర్ చెప్పారు. జనవరిలో ఫుల్ మారథాన్‌కు పేరు ఇవ్వొచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దన్నాం. వారానికి 30 కిలోమీటర్ల పరుగును నొప్పి లేకుండా ఆరు నెలలు నిలబెట్టాక ఫెరిటిన్ మరోసారి చూసి నిర్ణయిద్దామని ఒప్పందం.